ఇప్పిలి వారి తాళం

విజయనగరం గంటస్తంభానికి కూతవేటు దూరంలో ఒక హార్డ్‌వేర్ షాపు ఉంది. కింద మేకులు, గడియలు, బందులు అమ్ముతారు. మేడమీద ఇప్పిలి గౌరీపతి ప్రయోగశాల. అక్కడా తయారయ్యేది హార్డ్‌వేరే, కాకపోతే తూకానికి అమ్మరు. దారితప్పి మెట్లెక్కినవాళ్ళు "రెండంగుళాల మేకులున్నాయా" అని అడిగితే, గౌరీపతి సర్క్యూట్ మీంచి తలెత్తకుండానే "ఇక్కడ మేకులుండవండీ, మేధ ఉంటుంది" అనేవాడు.

"మేధ అని వాడంటాడు, మేక అని నేనంటాను. ఏం పెట్టినా నమిలేస్తాడు" అనేది అక్క హైమవతి.

హైమవతి మృదంగ విద్వాంసురాలు. ఆడవాళ్ళకి మృదంగమేమిటని నవ్విన రోజుల్లో మొదలుపెట్టి, ఆ నవ్వినవాళ్ళ పిల్లలకే పాఠాలు చెప్పిన మనిషి. ఆవిడకి గర్వం ఉందని ఊళ్ళో అనుకుంటారు. అది తప్పు. ఆవిడకి రెండు గర్వాలున్నాయి, కుడిచేతికొకటి, ఎడమచేతికొకటి.

నోటు అనేది మాటల్లో, అంటే నోట్లో, మాత్రమే మిగిలిన కాలం అది. ప్రపంచంలో ఏ మూల కూర్చుని కచేరీ విన్నవాడైనా మీట నొక్కి క్రిప్టో నాణేలు పంపేవాడు. ఉత్తరాంధ్ర చర్మవాద్య కళాకారుల సంఘానికి అలాగే నాణేలు చేరుతున్నాయి. డోలు, డప్పు, మృదంగం, తప్పెటగుళ్ళు, తోలు బిగించిన ప్రతిదానికీ ఆ సంఘంలో చోటుంది. మూతపడ్డ జనపనార మిల్లు గోదాం ఒకటి కొని అందులో వాద్యాల బడి పెట్టాలని వాళ్ళ కోరిక. ఒకసారి అంతా కూడబెట్టారు కూడా. ఆ నాణేలను బయటికి తీసే రహస్య సంకేతాన్ని తాళంచెవి అంటారు, అప్పటి కోశాధికారి దాన్ని ఫోన్‌లో పెట్టుకున్నాడు. ఎవడో ఫోన్ చేసి తియ్యగా మాట్లాడాడు. మాట తీపి, మూట ఖాళీ.

అప్పుడే కార్యదర్శి పిన్నింటి సింహాచలం గౌరీపతి మెట్లెక్కాడు. సింహాచలం వాయించేది డోలు. మాట్లాడినా డోలే.

"గౌరీపతిబాబూ, ఈ బ్లాక్‌చైన్ అంటే నల్లపూసల గొలుసు లాంటిదేనేటి? మెడలో ఏసుకుంటే పోదు కదా?"

"గొలుసు కాదండీ, లెక్క. లోకమంతా కాపలా కాసే లెక్క. మీ నాణేలు అందులోనే ఉంటాయి, ఎక్కడికీ పోవు. పోయేది తాళంచెవి. అది ఫోన్‌లో ఉంటే దొంగ ఫోన్‌లోంచే లాగేస్తాడు. అందుకే దాన్ని విడిగా ఓ పెట్టెలో దాస్తారు. హార్డ్‌వేర్ వాలెట్ అంటే అదే."

"కింద షాపులో దొరకదా?"

"దొరకదు. పైన కూడా ఇంకెవరి దగ్గరా దొరకదు" అంటూ గౌరీపతి బల్ల సొరుగు లాగి అరచేతిలో ఇమిడే పెట్టె ఒకటి తీశాడు. పనసచెక్కతో చేసిన పెట్టె. పైన రూపాయి బిళ్ళంత తోలు, పక్కన వేలెడంత తెర. "మామూలు పెట్టెల్లో తాళంచెవి ఉంటుంది. నా పెట్టెలో అదీ ఉండదు. ఈ తోలు మీద మీరు తాళం వాయించాలి. వేలికీ వేలికీ మధ్య ఎడం, దెబ్బ బరువు, ఎముకలో వణుకు అన్నీ కలిపి ఇది అప్పటికప్పుడు తాళంచెవి తయారు చేసుకుంటుంది. వాయిద్యం ఆపగానే చెవి మాయం. దాచిందే లేనప్పుడు దోచేదేముంది? తాళానికి చెవి ఉందని అందరూ అంటారు గానీ, వినే చెవి ఇంతవరకూ ఎవరూ పెట్టలేదు."

హైమవతి పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది. "దీని పేరేమిట్రా?"

"తాళం. ఇంకేముంటుందక్కా. తాళం వేస్తే తాళం తీసినట్టు."

గౌరీపతి భార్య సువర్చల పక్క గదిలోంచి వచ్చింది. పెట్టెకు జోడుగా ఫోన్‌లో నడిచే యాప్ రాసింది ఆవిడే. ఎంత నిల్వ ఉందో యాప్ చూపిస్తుంది, ఎవరికి పంపాలో రాసి పెట్టెకిస్తుంది. ఆమోదముద్ర మాత్రం పెట్టే వెయ్యాలి. "వదినగారూ, ఈయన చెప్పనిది నేను చెబుతాను. ఏ పెట్టెకైనా కొన్ని మాటలు విడిగా రాసి దాచుకోవడం రివాజు. పెట్టె పాడైనా ఆ మాటలతో సొమ్ము తిరిగొస్తుంది. ఈయన ఆ మాటలే వద్దంటున్నారు."

"రాసిందాన్ని ఇంకొకడు చదువుతాడు" అన్నాడు గౌరీపతి. "చదవడానికేమీ ఉండకూడదు. పైగా తాళం వరసగా తప్పితే పెట్టె తనని తాను తుడిచేసుకుంటుంది. ఆ తర్వాత నేనూ తియ్యలేను."

"యాప్ నాది, గొప్పలు మీవి. యాప్‌ని ఆపగలను గానీ మిమ్మల్ని ఆపలేను" అంది సువర్చల.

ఎవరి చెయ్యి పెట్టాలన్న ప్రశ్నే రాలేదు. సంఘమంతా హైమవతి వైపు చూసింది. "మీ కష్టం నా చేతిలో ఉంది. ఈ చెయ్యి ఎవరికీ చాపలేదు, ఎక్కడా జారలేదు" అందావిడ. ఒక మధ్యాహ్నం తలుపులు మూసుకుని అక్కా తమ్ముడూ ఇద్దరే కూర్చున్నారు. ఆవిడ ఆదితాళం వాయించింది. పెట్టె ఆ చేతిని నేర్చుకుంది.

మర్నాడు అందరి ఎదుటా పరీక్ష. హైమవతి దగ్గర చాలాకాలం నేర్చుకున్న శిష్యురాలు వాయించింది. తెర మీద 'తాళం తప్పింది' అని వచ్చింది. రికార్డు చేసిన మృదంగం వినిపించారు. పెట్టె ఉలకలేదు, దానికి కావలసింది చప్పుడు కాదు, చెయ్యి. గౌరీపతి రబ్బరు చెయ్యి ఒకటి చేసి దానికి అక్క వాయించిన లెక్కంతా ఎక్కించాడు. అదీ తప్పింది. నేర్పిన చెయ్యి ఎలాగూ తెరుస్తుందని హైమవతిని మాత్రం ఎవరూ వాయించమనలేదు. "కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించేది తని. ఆ తని ఇక్కడ కీ అయింది. అందుకే దీన్ని తనికీ అంటున్నా" అన్నాడు గౌరీపతి. చప్పట్లు కింద షాపుదాకా వినబడ్డాయి. ఇప్పిలి వాళ్ళు వేసిన తాళం ఎవరూ ఇప్పలేరని సింహాచలం వీధి వీధికీ చాటాడు. ఆయన చాటడానికి వేరే మైకు అక్కర్లేదు.

ఆ చాటింపు విన్నాడో ఏమో, ఒకడు సింహాచలానికి ఫోన్ చేశాడు. యాప్ కొత్తది వేసుకోవాలన్నాడు, తియ్యగా. సింహాచలం అడిగినవన్నీ చెప్పాడు, అడగనివి కూడా చెప్పాడు. ఆయన ఫోన్‌లోని యాప్ వాడి చేతికెళ్ళిపోయింది. వాడు సొమ్మంతా తనకు పంపుకోవడానికి నొక్కాడు. హైమవతి దగ్గరున్న పెట్టె తెర మీద ఊరూ పేరూ తెలియని చిరునామా వెలిగింది, వాయించమంటూ.

ఆవిడ చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. "ఎవడయ్యా వీడు? నాతో వాయింపించుకోవాలంటే తాంబూలం పట్టుకుని గుమ్మంలోకి రావాలి" అని, సువర్చలకి కబురు చేసింది. సువర్చల పాత యాప్‌ని మూసి కొత్తది తెరిచింది. నాణేలు ఉన్నచోటే ఉన్నాయి. ఆ సాయంత్రం హైమవతి కచేరీ వాయిస్తే, మృదంగం కూడా కాస్త మీసం తిప్పినట్టు మోగింది.

అక్కడితో మొదలైంది కాపలా. సొమ్మును కాదు, చేతిని. "అక్కా, చెయ్యి బరువూ బలమూ కాస్త మారినా నా పెట్టె ఓర్చుకుంటుంది. లయ మారితే మాత్రం ఓర్చుకోదు. కొత్త సాధనలేవీ పెట్టుకోకు" అన్నాడు గౌరీపతి. సంఘం వాళ్ళు అక్కడితో ఆగలేదు. ఆవిడ కొబ్బరి కోరబోతే ఎవరో లాక్కునేవారు. ఆవకాయ కలపబోతే సింహాచలం భార్య వచ్చి బేసిన్ తీసుకెళ్ళిపోయేది. రైతుబజారులో ఆవిడ వంకాయ పట్టుకుంటే బేరం మానేసి అందరూ ఆవిడ వేళ్ళకేసి చూసేవారు. మొదట ఆవిడకి అది గౌరవంగా ఉండేది. ఊరి చెయ్యి అయిపోయానని మురిసింది. తర్వాత తెలిసింది, ఊరి చెయ్యి అయితే తన చెయ్యి కాదని.

నాణేలు లోపల పడడానికి తాళం అక్కర్లేదు, బయటికి తియ్యడానికే కావాలి. కాబట్టి ఆ తర్వాత మూడేళ్ళపాటు పెట్టె తెరిచే అవసరమే రాలేదు. కచేరీల్లో ఆవిడ పాతవే వాయించింది, పాతగానే వాయించింది. జనం వాహ్వా అన్నారు. ఆవిడకి మాత్రం నిన్న తిన్న అన్నమే మళ్ళీ తింటున్నట్టుండేది. ఏ కొత్త నడకైనా మనసులోకి వచ్చి వేళ్ళ చివర నిలబడితే, దాన్ని గుమ్మంలోంచే పంపేసేది.

చివరికి తాళం కోసం తాళలేకపోయింది. ఎనిమిది దెబ్బల తాళంలో ఐదేసి అక్షరాల ఖండ నడక నింపి, రెండు చేతులకీ రెండు దారులు పెట్టే కష్టమైన సాధన ఒకటి, చిన్నప్పటినుంచీ వాయిదా వేసుకుంటూ వచ్చింది. ఇంటి తలుపులన్నీ మూసుకుని, మృదంగం మీద దుప్పటి కప్పి, పొద్దున్నే ఒక్కతే కూర్చుని వాయించడం మొదలుపెట్టింది. ఒకటిన్నర సంవత్సరం. ఆ నడక చేతికి వచ్చిన పొద్దున ఆవిడకి ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. చెప్పుకునేవాళ్ళందరూ కాపలావాళ్ళే. తనకి తనే శభాష్ చెప్పుకుని కాఫీ పెట్టుకుంది.

గోదాం ఖరీదుకు సరిపడా నాణేలు చేరాయి. సోమవారం రిజిస్ట్రేషన్. ఆ రోజు సొమ్ము ముట్టకపోతే గోదాంని ఫంక్షన్ హాలు వాళ్ళకి ఇచ్చేస్తానన్నాడు యజమాని. శుక్రవారం మేడమీద సంఘమంతా చేరింది. సింహాచలం మిఠాయి పొట్లంతో వచ్చాడు. సువర్చల యాప్‌లో యజమాని చిరునామా రాసింది. పెట్టె తెర మీద అదే చిరునామా కనబడిందని అక్షరం అక్షరం సరిచూసుకుని, హైమవతి వాయించింది.

తాళం తప్పింది.

ఆవిడ చెయ్యి విదిలించి మళ్ళీ వాయించింది. తప్పింది. వేళ్ళు కాచుకుని వాయించింది, తప్పింది. మెల్లగా వాయించింది, పాతకాలంలో ఎలా వాయించేదో తలుచుకుని వాయించింది. ప్రతిసారీ అవే రెండు మాటలు.

సువర్చల పెట్టెను తన వైపు లాక్కుంది. "ఇంక ఒక్కటే ఉంది వదినగారూ. అదీ తప్పితే తుడిచేసుకుంటుంది."

"బాబూ, నువ్వు కట్టినోడివి కదా, నువ్వు ఇప్పలేవా?" అన్నాడు సింహాచలం. డోలు గొంతు మొదటిసారి దిగింది.

"ఇప్పగలిగితే అది తాళమెలా అవుతుందండీ" అన్నాడు గౌరీపతి. ఇన్నాళ్ళూ ఛాతీ విరుచుకుని అన్న మాటే. ఈసారి తల దించుకుని అన్నాడు. తర్వాత అక్కకేసి చూశాడు. "కొత్త సాధన ఏమైనా చేశావా?"

హైమవతి దాచలేదు. "చేశాను. ఖండ నడక. ఒకటిన్నర సంవత్సరం."

గదిలో ఒక నిట్టూర్పు అందరి దగ్గర్నుంచీ ఒకేసారి వచ్చింది, ముందుగా కూడబలుక్కున్నట్టు. "చెప్పాను కదక్కా" అన్నాడు గౌరీపతి. "మన చెయ్యే అనుకున్నాం తల్లీ" అన్నాడు సింహాచలం, మెట్ల దాకా వెళ్ళి. తిట్టుంటే బాగుండేది. అందరూ వెళ్ళిపోయారు. మిఠాయి పొట్లం విప్పకుండానే బల్ల మీద ఉండిపోయింది.

చెయ్యి తిరిగిన విద్వాంసురాలు అంటారు. నా చెయ్యి మరీ ఎక్కువ తిరిగినట్టుందే అనుకుంది హైమవతి. నవ్వు రాలేదు.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ మేడెక్కింది. సువర్చల అప్పటికే యాప్ ముందు కూర్చునుంది. "వదినగారూ, తాళంచెవి ఏమిటో పెట్టె చెప్పదు. ఎక్కడ తప్పిందో మాత్రం చూపిస్తుంది. చూడండి. అన్ని దెబ్బలూ సరిపోయాయి. ఆవర్తనం పూర్తయి మళ్ళీ మొదటి దెబ్బకి, అదే సమానికి, వచ్చేచోట తప్పుతోంది, ప్రతిసారీ అక్కడే. అప్పటి మీ చెయ్యి అక్కడ వెంట్రుకవాసి ఆగింది. ఇప్పుడు ఆగడం లేదు."

"నేనా? సమం దగ్గర ఆగడమా?"

గౌరీపతి మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "అక్కా, ఏమీ అనుకోకు. అప్పట్లో నీకా లోపం ఉండుంటుంది. సాధనలో సరిదిద్దుకున్నావు. ఇప్పుడు ఆ లోపం తెచ్చుకుని వాయిస్తే చాలు."

హైమవతి ముఖం మృదంగం తోలులా బిగిసింది. "ఒరేయ్, సమం దగ్గర ఆగితే అది సమస్యే గాని సమం కాదు. మా గురువుగారు నాకు కర్ర పట్టుకుని నేర్పారు. నేను పుట్టినప్పుడు ఆగి ఉండొచ్చు. సమం దగ్గర ఆగలేదు."

"మరి పెట్టె అబద్ధం చెబుతుందా?"

పెట్టె అబద్ధం చెప్పదు. నా చెయ్యీ చెప్పదు. ఈ రెండు గర్వాల మధ్యా ఎక్కడో నిజం ఇరుక్కుంది అనుకుందావిడ. కిటికీ దగ్గరికెళ్ళి నిలబడి ఆ మధ్యాహ్నాన్ని తలుచుకుంది. తలుపులు మూసి ఉన్నాయి. ఫ్యాను తిరగడం లేదు. తోలు చిన్నదిగా ఉండి చెయ్యి సాగక, ఉత్తినే వాయించలేకపోతున్నానంది. అప్పుడు...

"నువ్వు పాడావు" అంది ఇటు తిరిగి.

"ఆఁ?"

"ఆ రోజు నా చెయ్యి కదలడం లేదంటే నువ్వు పాడావురా. అమ్మ పాడే మంగళహారతి. పాడుతూ ఆ వైర్లేవో అతుకుతున్నావు. నీకు చిన్నప్పటినుంచీ ప్రతి వరస చివరా ఊపిరి చాలదు. సమానికి వెంట్రుకవాసి ఆలస్యంగా వస్తావు. నేను పక్కవాద్యం మనిషిని. పాడేవాడు రాకుండా సమం వేసి వాడి పరువు తియ్యను. ఆగాను. అది నా లోపం కాదు, నీ చిరుగుకి నేను వేసిన మాసిక."

గౌరీపతి తెల్లబోయాడు. "నేను తాళం తప్పుతానా?"

"పెళ్ళయిన దగ్గర్నుంచీ చెబుదామనుకుంటున్నానండీ" అంది సువర్చల.

"మరి ఇన్నాళ్ళూ నాకు తెలియనే లేదే."

"ఎలా తెలుస్తుంది, పాడినప్పుడల్లా నేను పక్కనుండి సర్దుతూ వచ్చాను" అంది హైమవతి. ముఖంలో బిగువు సడలి, ఆ స్థానంలో వెలుగొచ్చింది. లోపం లేదు. సాధన చెడగొట్టలేదు. "నీ తాళంచెవి నా చెయ్యొక్కటే కాదురా. నీ తప్పు, నా సర్దుబాటు, రెండూ కలిస్తేనే ఆ చెవి. నిన్న నువ్వు పాడలేదు, నేను ఆగలేదు, అంతే. కూర్చో. పాడు."

గౌరీపతి కూర్చున్నాడు, పాడాడు. తన తాళం సంగతి జీవితంలో మొదటిసారి తెలిసినవాడు కదా, తొడ మీద వేళ్ళు లెక్కబెట్టుకుంటూ, ఊపిరి ముందే దాచుకుంటూ, ప్రతి అక్షరాన్నీ తూచి తూచి పాడాడు. హైమవతి చెయ్యి తోలు మీద ఆననివ్వలేదు.

"చాల్లే. ఎప్పుడూ లేనిది సరిగ్గా పాడుతున్నావు. కొంప ముంచేలా ఉన్నావు."

"తప్పు పాడమంటే ఎలా పాడాలక్కా?"

"నువ్వెప్పుడైనా తప్పు పాడదామని పాడావా?"

సువర్చల లేచి, సోల్డరింగ్ ఐరన్ వేడిచేసి, కాళ్ళు ఊడిన పాత సర్క్యూట్ ఒకటి మొగుడి ముందు పడేసింది. "రిపేరుకొచ్చింది. తొందరగా కావాలట."

గౌరీపతి విసుక్కుంటూ అందుకున్నాడు. మొదటి అతుకు పడింది. రెండోది పడింది. కళ్ళు చిన్నవి చేసుకుని సన్నటి తీగ పట్టుకోగానే ఈ లోకం వదిలేశాడు. ఈ లోకంతోపాటు లెక్కా వదిలేశాడు. పెదాల మీదికి మంగళహారతి దానంతటదే వచ్చింది, తీరిగ్గా, నిర్లక్ష్యంగా, వరస చివర ఊపిరి చాలకుండా.

హైమవతి పెట్టెకేసి చూడలేదు. తమ్ముడి నోటికేసి చూసింది. గోదాం, సోమవారం, సింహాచలం గొంతు అన్నీ పక్కకి పెట్టింది. ఈ పాట పడిపోకూడదు, అంతే. చెయ్యి దానంతటది కదిలింది. మొదటి ఆవర్తనం చివర వాడు వెనకబడ్డాడు, ఆవిడ ఆగింది. రెండోసారి వెనకబడ్డాడు, ఆగింది. మూడోసారి ఆగిన చోట సువర్చల కుర్చీలోంచి సగం లేచింది.

తెర మీద చిరునామా పచ్చగా మారింది. యాప్‌లో నాణేలు కదిలాయి.

గౌరీపతి ఇంకా పాడుతున్నాడు.

కబురు తెలిసి సింహాచలం మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు. ఆయన ఆనందం కింద షాపులో మేకుల డబ్బాలకు కూడా తెలిసిందట. రొప్పు తగ్గాక హైమవతి చేతులు కళ్ళకద్దుకున్నాడు. "తల్లీ, ఇకమీద చేరే సొమ్ముకి మళ్ళీ మీ చెయ్యే తాళం. ఇప్పుడున్న కొత్త చేతినే ఏయించేద్దాం."

"నాకూ అదే మంచిదనిపిస్తోంది" అన్నాడు గౌరీపతి. "ఈసారి పాట లేకుండా."

హైమవతి చేతులు వెనక్కి తీసుకుంది. "సొమ్ము తెరుచుకుంది, సంతోషం. నా మూడేళ్ళు ఎవరు తెరుస్తారయ్యా? మారితే దొంగనే అనుకునే యంత్రానికి ఇంక నా చెయ్యి ఇవ్వను. ఏ నడక ఎప్పుడు నేర్చుకోవాలో పెట్టెనడిగి నేర్చుకోను." పెట్టెను తమ్ముడి ముందుకు నెట్టింది. "కావాలంటే సంఘంలో నలుగురి చేతులు పెట్టండి. అందులో ఏ ఇద్దరు కలిసి వాయించినా తెరుచుకునేలా చెయ్యి తమ్ముడూ. ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే బందీ, ఇకనుంచి జుగల్‌బందీ. నెలనెలా వాయించి చూపిస్తాం, మేమెంత ఎదిగితే అదీ అంత ఎదగాలి. ఎదగడం చేతకాకపోతే అది కింద షాపులో కూడా అమ్ముడుపోదు."

గౌరీపతి పెట్టెను అరచేతిలోకి తీసుకున్నాడు. ఎవరూ ఇప్పలేని తాళం కట్టినందుకు మూడేళ్ళు మురిశాడు. దాని లోపల ఉన్నది తన తప్పూ, దాన్ని కప్పిన అక్కా అని తెలిశాక, మురవాలో ముడుచుకోవాలో అర్థం కాలేదు. "కష్టం అక్కా" అన్నాడు. పెట్టెను జేబులో వేసుకుని "కానీ చేస్తాను" అన్నాడు.

"విడిగా రాసి దాచుకునే మాటలు కూడా" అంది సువర్చల.

"అవి కూడా."

సోమవారం రిజిస్ట్రేషన్ అయింది. గోదాంలో జనపనార దుమ్ము దులపడానికి సంఘం వాళ్ళంతా వచ్చారు. డోలూ డప్పూ మృదంగం ఒకే కప్పు కింద మోగితే, ఆ రేకుల కప్పు కూడా వాద్యమే అయింది. పాఠాలు మొదలైన రోజున హైమవతి ముందుగా తన ఖండ నడక వాయించింది, దుప్పటి లేకుండా, తలుపులు తెరిచి. వాయించి ముగించగానే చప్పట్లు రేకుల కప్పుదాకా మోగాయి. సింహాచలం మాత్రం "ఏటిది తల్లీ, దీన్నా మేం ఇన్నాళ్ళు వద్దన్నది" అని తల పట్టుకున్నాడు. ఆవిడ అనాల్సిందంతా చెయ్యి అనేసింది.

తర్వాత చిన్నపిల్లల వరస. ఆ వరస చివర, పిల్లలకంటే ఒక మూర ఎత్తుగా, బట్టతల ఒకటి కనబడింది. గౌరీపతి. ఒళ్ళో చెయ్యి పెట్టుకుని ఆదితాళం వేస్తున్నాడు.

"ఇదేమిట్రా?"

"తాళం కట్టేవాడికి తాళం రాకపోతే ఎలాగక్కా" అన్నాడు వాడు, పిల్లలు నవ్వుతున్నా పట్టించుకోకుండా.

"పాడు మరి. అందరూ వింటారు."

వాడు పాడాడు. మొదటి వరస చివర ఊపిరి చాలలేదు, వెనకబడ్డాడు. హైమవతి చెయ్యి ఎప్పటిలాగే ఆగబోయింది. ఆగనివ్వలేదు. సమం సమానికే వేసింది, ఖణేల్‌మని. గౌరీపతి తడబడ్డాడు. పిల్లలు కిసుక్కుమన్నారు. ఆవిడ ముఖం కదలలేదు, చెయ్యి కదులుతూనే ఉంది. రెండో వరసలో వాడు మళ్ళీ వెనకబడ్డాడు, ఆవిడ మళ్ళీ సమానికే వేసింది. మూడో వరసకు వాడు కళ్ళు మూసుకుని, నుదురు ముడిచి, గుండెనిండా ఊపిరి తీసుకుని పాడుకుంటూ వచ్చాడు.

వచ్చి, సరిగ్గా ఆవిడ చెయ్యి తోలు మీద పడేచోట, సమం మీదే పడ్డాడు.